నూనె చర్మం పైనే ఆగిపోదు

ఇవాళ ఆదివారం, మా బుడ్డోడికి నలుగు రోజు. అమ్మ నువ్వుల నూనె గోరువెచ్చగా కాచుకుని, పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. పక్కింటి ఆంటీ వాళ్ళది బీహార్, వాళ్ళకి పిల్లలంటే ఆవనూనే, నిన్న ప్రేమగా ఒక సీసా ఇచ్చి వెళ్ళారు. అమ్మ మూత తీసి ఆ ఘాటుకి మొహం చిట్లించి, "ఏ నూనైతే ఏంటే, ఒంటికి కాస్త జిడ్డు తగలాలి అంతేగా" అంది. నేను కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పేదాన్ని, లీవులో ఉన్నా నోరు ఊరుకోదు కదా.

అంతే కాదమ్మా అని మొదలుపెట్టా. నూనెలో లినోలీయిక్ యాసిడ్ అని ఒక ఫ్యాటీ యాసిడ్ (కొవ్వులో ఉండే ఆమ్లం) ఉంటుంది, మన ఒళ్ళు దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు. 1929లో అమెరికాలో బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకి కొవ్వు అస్సలు లేని తిండి పెడితే వాటి తోకలు పొలుసులు కట్టాయి, ఒంట్లో నీళ్ళు చర్మంలోంచే పోతుంటే అవి తెగ నీళ్ళు తాగేవి. ఎందుకంటే చర్మం పై పొరలో కణాల మధ్య సెరమైడ్లు అనే ఒక రకం కొవ్వులు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు కలిసి పొరలు పొరలుగా ఉంటాయి, నీళ్ళు బయటికి పోకుండా ఆపేది అవే, ఆ సెరమైడ్లలో ముఖ్యమైనవి కొన్నిటికి లినోలీయిక్ కావాలి.

నాకు ఇంకా నచ్చేది ఆ తర్వాతి సంగతి. ఈ ఫ్యాటీ యాసిడ్లు కణంలోపలికి వెళ్ళి పీపీఏఆర్ అనే న్యూక్లియర్ రిసెప్టర్‌ని (కబురందుకుని జీన్లని నడిపించే ప్రొటీన్) పట్టుకుంటాయి, అది ఆర్ఎక్స్ఆర్ అనే ఇంకో రిసెప్టర్‌తో జత కట్టి డీఎన్ఏ మీద కూర్చుని, ఫిలాగ్రిన్ లాంటి, చర్మం పై పొరని గట్టిపరిచే ప్రొటీన్లు, కొవ్వులు తయారుచేసే ఎంజైములు, వీటి జీన్లని ఆన్ చేస్తుంది. అంటే ఇది వట్టి జిడ్డు పూత కాదు, గోడ కట్టమని లోపలికి కబురు వెళ్తోందన్నమాట! అలాగని మొత్తం భారం దీని మీదే లేదు, పీపీఏఆర్‌లో ఒక రకమైన పీపీఏఆర్ ఆల్ఫా లేని ఎలుకల పిల్లల్లో కడుపులో ఉండగా ఆ పొర కాస్త లేటుగా ఏర్పడుతుంది గానీ పెద్దయ్యాక చర్మం చాలావరకు మామూలుగానే ఉంటుంది, మిగతా రిసెప్టర్లు సర్దుకుంటాయి.

మరి ఏ నూనె? పొద్దుతిరుగుడులో (మామూలు రకం) లినోలీయిక్ సగానికి పైనే, నువ్వుల నూనెలో దాదాపు 40 శాతం, కొబ్బరినూనెలో నామమాత్రం. ఎలుకల దెబ్బతిన్న చర్మం మీద ఆవనూనె రాసి చూస్తే పొర కోలుకోవడం ఇంకా ఆలస్యమైంది. ఢాకాలో నెలలు బాగా తక్కువై పుట్టిన పిల్లలకి పొద్దుతిరుగుడు నూనె రాస్తే హాస్పిటల్లో అంటుకునే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, ఆ పసికందులకి చర్మం ఇంకా పూర్తిగా తయారవ్వదు కాబట్టి అక్కడ తేడా అంత తెలిసింది. నెలలు నిండిన పిల్లల్లో కథ అంత సూటిగా లేదు, ఇంగ్లండ్‌లో చిన్న ట్రయల్లో ఆలివ్, పొద్దుతిరుగుడు రెండూ చర్మానికి తేమనిచ్చాయి గానీ ఆ కొవ్వు పొరల అమరిక మాత్రం నూనె రాయని పిల్లలతో పోలిస్తే సరిగ్గా రాలేదు. అందుకే నూనె రాస్తే చాలు అంతా బాగుపడుతుంది అనేవాళ్ళని నేను నమ్మను, వద్దే వద్దు అనేవాళ్ళనీ నమ్మను.

అమ్మ ఇదంతా విని "అయితే నా నువ్వుల నూనె పాసే కదా" అంది, అదొక్కటే పట్టుకుంది! అసలు నాకు గొడవంతా సున్నిపిండితోనే. పెసరపిండి గరగరా రుద్దుతుంటే వాడి చెంపలు కందిపోతున్నాయి, లోపల రిసెప్టర్లు అంత కష్టపడి కట్టిందాన్ని మనం పైనుంచి గీకేయడం ఏంటి చెప్పండి. చాలాసేపు వాదించాక మొహానికీ మెడకీ వద్దు, ఒంటికి మాత్రం మెత్తగా జల్లించి పల్చగా రాస్తా అని ఒప్పుకుంది. ఆవనూనె సీసా వంటింట్లోకి వెళ్ళింది, వచ్చేవారం ఊరగాయలో వాడుతుందట, ఆంటీకి ఏం చెప్పాలో మాత్రం నన్నే ఆలోచించుకోమంది.