గెఘార్డ్‌లో చెప్పులెక్కడ విప్పాలి?

దుబాయ్‌లో ఉండే మనవాళ్ళు చాలామందికి ఈద్ సెలవులంటే జార్జియా, లేకపోతే ఆర్మేనియా. పోయినసారి మేమూ వెళ్ళాం. ఆర్మేనియా రాజధాని యెరెవాన్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు, ఆజాత్ నది లోయలో గెఘార్డ్ అనే క్రైస్తవ మఠం. గుమ్మం దగ్గర మా అమ్మాయి అడిగిన మొదటి మాట, "అమ్మా, చెప్పులెక్కడ విప్పాలి?" దానికి తొమ్మిదేళ్ళు, పుట్టిందీ పెరిగిందీ దుబాయ్‌లోనే. నాకు లోపల్లోపల గర్వం. అక్కడెవరూ విప్పట్లేదు. అక్కర్లేదని చెప్పినా దానికి నమ్మకం కుదరక మునివేళ్ళ మీద నడిచింది.

1215 నాటి పెద్ద చర్చి రాళ్ళు పేర్చి కట్టిందే. అసలు అద్భుతం దాన్ని ఆనుకుని ఉంది. కొండనే తొలిచి గదులు చేశారు. పైన కన్నం పెట్టి, అక్కణ్ణుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారట. ఆ స్తంభాలు ఎక్కణ్ణుంచో తెచ్చి నిలబెట్టినవి కావు, తొలిచేటప్పుడు కొండలోంచి మిగిల్చినవి. 1240లలో తొలిచిన గదిలో ఇప్పటికీ ఊటనీళ్ళు పారుతున్నాయి. క్రైస్తవం రాకముందు నుంచే జనం ఆ ఊటకి మొక్కేవారట. తొలిచిన మేస్త్రీ పేరు గల్జాక్ అని రాతి మీదే ఉంది.

నేను అందుకున్నాను. "మన ఉండవల్లి గుహలు కూడా కొండని తొలిచినవే. ఎల్లోరా కైలాసమైతే ఇలాగే పైనుంచి కిందికి..." ఎక్కడికెళ్ళినా నాకిదే జబ్బు. పిల్ల మనది మర్చిపోతుందేమోనని టెన్షన్.

"అమ్మా, కాసేపు దీన్ని చూడనివ్వు" అంది.

నోరు మూసుకున్నాను. పక్కనున్నవాళ్ళకి తెలుగు రాదు కాబట్టి పరువు దక్కింది.

తర్వాతి గది ప్రోష్యన్ అనే ప్రభువుల వంశం వాళ్ళ సమాధి మందిరం. గోడ మీద రెండు సింహాలు, రెండింటి మెడలకీ ఒకటే గొలుసు. కింద గొర్రెపిల్లని గోళ్ళతో పట్టుకున్న గద్ద. నేను ఫోన్‌తో ఫొటో తీసేసి ముందుకి నడిచాను. పిల్ల కదల్లేదు. "తోకల చివర చూడు" అంది. కుచ్చు ఉండాల్సిన చోట డ్రాగన్ తలలు, పైకి చూస్తున్నాయి!

పెద్ద చర్చిలో ఒక ముసలావిడ ఇసుక పళ్ళెంలో కొవ్వొత్తి గుచ్చి, బలిపీఠం వైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చింది. దేవుడికి వీపు చూపించకూడదని అక్కడి భక్తుల ఆచారం.

"అమ్మమ్మ కూడా ఇంతే కదా, మంగళగిరిలో?"

మా అమ్మ అలా రావడం ఇది ఎప్పుడు చూసిందో! నేనెప్పుడూ చెప్పలేదు. అదీ అలాగే వెనక్కి నడుస్తూ వచ్చి, గడప దగ్గర నా కాలు తొక్కింది, చెప్పులతోనే.