నాలుగో స్క్రూ

లైటు ఆపి పడుకున్నాను. మళ్లీ లేచాను. మూడు స్క్రూలు వచ్చాయి, నాలుగోది రాలేదు. అలా సగంలో వదిలేసిన పని పెట్టుకుని నాకు నిద్ర పట్టదని మా ఇంట్లోవాళ్లకీ తెలుసు, మీకూ తెలుసు.

బండి సంగతే. మూడేళ్ల తర్వాత పట్టా తీసి, ఇవాళ కార్బొరేటర్ దించాను, అదే, పెట్రోల్లో గాలి కలిపి ఇంజన్‌కి పంపేది. అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెకి నాలుగు స్క్రూలు. వాటి చుట్టూ సున్నం రాలినట్టు తెల్లటి పొడి. స్క్రూ ఉక్కు, బాడీ మెత్తటి పోత లోహం. రెంటి మధ్యా తడి చేరితే మెత్తటిదాన్నే తినేస్తుంది. ఊపి చూస్తే లోపల పెట్రోలు మీద తేలే ఫ్లోట్ కదిలిన చప్పుడే లేదు. పెట్రోలు జిగురై పట్టేసి ఉంటుంది.

అసలు మంట అది కాదు. జపాను కార్బొరేటర్ల స్క్రూలు చూడ్డానికి స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి. కానీ వాటి కొలత వేరు, జేఐఎస్ అనే జపాను ప్రమాణం. చాలావాటి తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్, అంటే ఫిలిప్స్, కొన ఆ గాడి అడుగుదాకా దిగదు. గట్టిగా తిప్పితే ఎగదన్నుకుని వస్తూ అంచులు గీకేస్తుంది. ఇదంతా నాకు తెలుసు. సరైన స్క్రూడ్రైవర్ పైగదిలో ఉందనీ తెలుసు. మెట్లెక్కడానికి బద్ధకించి చేతిలో ఉన్నదాంతోనే ఒక్క తిప్పు తిప్పాను. స్క్రూకి నున్నగా గుండు. పైగా సామాన్లు ఎక్కడివక్కడ ఉంచరని ఇంటిల్లిపాదినీ కసిరాను. ఉన్నచోటే ఉన్నదాన్ని పట్టుకుని!

మిగతా మూడూ బాబాయి పద్ధతిలో వచ్చాయి. ఆయన పట్టేసిన స్క్రూని ముందు విప్పేవాడు కాదు, బిగించేవాడు. వెంట్రుకవాసి, అంతే. నూనె వేసి, స్క్రూడ్రైవర్ నిలబెట్టి, పిడి మీద సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేసి, వెళ్లి పడుకునేవాడు. నేను గింజుకుంటూ ఉంటే, ‘నూనెకి తొందర లేదురా, నీకే’ అని కళ్లు మూసుకునే అనేవాడు. లేచాక కాస్త బిగింపు వైపు, కాస్త విప్పే వైపు, అటూ ఇటూ. ‘టిక్’మని చిన్న చప్పుడు వినబడాలి. అది వినిపించేదాకా బలం పెట్టనిచ్చేవాడు కాదు. చప్పుడు కాకముందే నేను తిప్పేస్తే స్క్రూడ్రైవర్ లాక్కుని మళ్లీ వెళ్లి పడుకునేవాడు. ఇవాళ మూడుసార్లు విన్నానా ‘టిక్’. బాగుంది.

నాలుగోదానికి మంట పెడదామనుకున్నాను. పెట్రోలు వాసన ఇంకా పోలేదు, మానేసి మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను. వేడికి పోత లోహం ఉక్కుకంటే రెండింతలు సాగుతుంది కాబట్టి పట్టు వదలాలి. వదల్లేదు. ఆవిడ కూడా నన్ను వదల్లేదు.

సాయంత్రానికి ఒక నిర్ణయానికొచ్చాను: నాలుగూ పారేసి, తలలో ఆరు పలకల గుంట ఉండే అలెన్ బోల్టులు వేసేయాలి. ఇప్పుడు రాస్తుంటే మనసొప్పడం లేదు. అలెన్ కీకి పట్టెక్కువ, నా చేతికి ఓపిక తక్కువ. బోల్టు బాగానే ఉంటుంది, బాడీలో మరలే ఊడొస్తాయి. అయినా స్క్రూలేం పాపం చేశాయి? బండి మూలన పెట్టిన రోజు పెట్రోలు కుళాయి కట్టేశాను గానీ, గిన్నెలో పెట్రోలు వదిలేశాను. డ్రెయిన్ స్క్రూ తిప్పి అది వంపేస్తే నిమిషం పని.

రేపు హాక్సా బ్లేడుతో తల మీద గాటు పెట్టి చూడాలి. బ్లేడు కిందే ఉంది, చూసుకున్నాను.

ఇందాక వెళ్లి ఇంకో రెండు చుక్కల నూనె వేసొచ్చాను. సాయంత్రం వేసింది తగ్గినట్టే ఉంది. మరల్లోకి దిగిందో, బల్ల మీదికి కారిందో టార్చి వెలుతురులో తెలియలేదు.