ఆదిత్య హృదయం చదివాక రాముడికి ఏమైంది?

రథసప్తమి దగ్గరపడుతోందంటే మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఆదిత్య హృదయం తిరగడం మొదలవుతుంది. కింద ఒక పట్టిక కూడా ఉంటుంది. ఇన్నిసార్లు చదివితే ఉద్యోగం, ఇన్ని రోజులు చదివితే కోర్టు కేసు, ఇన్ని వారాలు చదివితే వీసా. ఈ లెక్కలు ఎవరు కట్టారో గానీ వాల్మీకి మాత్రం కట్టలేదు. ఆయుష్షు పెరుగుతుంది, చింత తీరుతుంది అని రాముడికి ఈ సూర్యస్తోత్రం చెప్పిన అగస్త్యుడు అన్న మాట నిజమే. లెక్క మాత్రం ఆయన చెప్పింది ఒక్కటే: మూడుసార్లు.

"నెల రోజులు చదివానండీ, ఏమీ జరగలేదు" అనేవాళ్ళు గుడిలో కనిపిస్తూనే ఉంటారు. వాళ్ళని తప్పుపట్టలేం. మనకి చేతికిచ్చిన చిన్న పుస్తకంలో స్తోత్రం ఒక్కటే ఉంటుంది. దానికి ముందేం జరిగిందో, తరువాత ఏం జరిగిందో ఉండదు. అది యుద్ధకాండలోది. కొన్ని ప్రతుల్లో 105వ సర్గ, కొన్నింటిలో 107వది. మొదటి శ్లోకం చూడండి:

తతో యుద్ధపరిశ్రాంతం సమరే చింతయా స్థితమ్ ।
రావణం చాగ్రతో దృష్ట్వా యుద్ధాయ సముపస్థితమ్ ॥

యుద్ధం చేసి చేసి అలసిపోయి, ఆలోచనలో పడి నిలబడ్డాడు రాముడు. ఎదురుగా రావణుడు మళ్ళీ సిద్ధంగా ఉన్నాడు. రాముడు అలసిపోవడమేమిటి, అలసింది రావణుడే అని అర్థం చెప్పే పెద్దలూ ఉన్నారు. వ్యాకరణం ప్రకారం అలా కుదురుతుంది కూడా. నాకు మాత్రం అలసిపోయిన రాముడే కావాలి. అలసట లేనివాడికి అగస్త్యుడు దిగివచ్చి స్తోత్రం చెప్పాల్సిన పనేముంది?

ఇంకో సంగతి. రాముడు సూర్యవంశంలో పుట్టినవాడు. సూర్యుడంటే ఆయనకి ఇంటి పెద్ద. అయినా ఆ క్షణంలో తలెత్తి చూడమని బయటివాడు వచ్చి చెప్పాల్సివచ్చింది. ఆ వచ్చినవాడు కూడా దేవతలతో కలిసి యుద్ధం చూడ్డానికి వచ్చిన మహర్షి. బుర్ర నిండా చింత ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నది కూడా గుర్తురాదు.

స్తోత్రం లోపల పేర్లు, నమస్కారాలు ఎక్కువ. వాటి మధ్య "ఏష సుప్తేషు జాగర్తి" అనే మాట దగ్గర నేను ఆగిపోతుంటాను. లోకమంతా నిద్రపోతుంటే లోపల మేలుకుని ఉండేవాడు ఆయన. హైదరాబాద్‌లో ఉండి ఈ మాట చదివితే నైట్ షిఫ్టులు గుర్తొస్తాయి. గచ్చిబౌలి ఆఫీసుల నుంచి ఇంటికి చేరే పిల్లలు, డ్యూటీ దిగే నర్సులు, చీకటుండగానే రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళు. రోజూ సూర్యోదయం చూసేది నిజానికి వాళ్ళే. ఆరున్నరకి అలారం ఆపి మళ్ళీ ముసుగుతన్నే మనం కాదు.

స్తోత్రం చివర్లో అగస్త్యుడు "ఈ క్షణంలోనే నువ్వు రావణుణ్ణి వధిస్తావు" అంటాడు. రాముడికి శోకం పోయింది. సూర్యుణ్ణి చూస్తూ జపించాడు, మూడుసార్లు ఆచమనం చేశాడు, ధనుస్సు తీసుకున్నాడు. దేవతల మధ్య ఉన్న సూర్యుడు సంతోషంగా రాముడి వైపు చూసి "త్వరపడు" అన్నాడు. సర్గ అయిపోయింది, మన పుస్తకమూ అయిపోయింది. మనం కొబ్బరికాయ కొట్టి లేస్తాం.

వాల్మీకి మాత్రం లేవలేదు. తరువాతి సర్గల్లో యుద్ధం ఇంకా భీకరంగా సాగుతుంది. రాత్రనక, పగలనక, ఒక్క ముహూర్తం, ఒక్క క్షణం కూడా ఆగలేదంటాడు. రాముడు తల కొడితే ఇంకో తల మొలుస్తుంది. అలా వంద తలలు తెగిపడ్డాయి, రావణుడు మాత్రం చావలేదు. అప్పుడు రాముడు మళ్ళీ చింతలో పడ్డాడు. మారీచుణ్ణి, ఖరదూషణుల్ని, విరాధుణ్ణి, కబంధుణ్ణి చంపిన బాణాలే కదా ఇవి, రావణుడి దగ్గరికొచ్చేసరికి ఇలా చల్లబడ్డాయేమిటి అనుకున్నాడు. ఆదిత్య హృదయం చదివిన తరువాత సంగతి ఇది! సాక్షాత్తూ రాముడికే చింత తిరిగొచ్చింది. మనం పారాయణ మొదలుపెట్టిన పదో రోజున మళ్ళీ టెన్షన్ వస్తే అదేదో మన భక్తిలో లోపమని కుంగిపోనక్కర్లేదు.

ఆ చింత తీర్చింది రాముడి రథసారథి మాతలి. "ఏమీ తెలియనివాడిలా ఎందుకిలా చేస్తున్నావు? బ్రహ్మాస్త్రం వెయ్యి" అన్నాడు. (రావణుడి బొడ్డులో అమృతం, విభీషణుడు రహస్యం చెప్పడం మనం సినిమాల్లో, హరికథల్లో విన్నవి. వాల్మీకంలో అవి లేవు.) ఆ బాణం ఎక్కడిది? అరణ్యకాండలో, సీతాలక్ష్మణులతో కలిసి ఆశ్రమానికి వెళ్ళినప్పుడు ఇదే అగస్త్యుడు రాముడికిచ్చింది. అక్కడ దాన్ని "సూర్యసంకాశం" అన్నాడు వాల్మీకి, అంటే సూర్యుడిలా వెలిగేది. అది అన్నాళ్ళుగా రాముడి దగ్గరే ఉంది. సూర్యుడు ఆకాశం నుంచి కొత్త ఆయుధమేదీ పడెయ్యలేదు, రావణుడి మీదికి ఒక్క కిరణం కూడా విసరలేదు. కూలబడబోయిన మనిషిని నిలబెట్టి, పొద్దుపోతోంది కానిమ్మన్నాడు. నాకు తెలిసి సూర్యోపాసన అంటే ఇదే. దీనికి మించి పట్టికలు రాసేవాళ్ళని నేను నమ్మను.

ఇక పండుగ సంగతి. మాఘశుద్ధ సప్తమి నాడు తల మీద, భుజాల మీద జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టుకుని స్నానం చేస్తాం. ముందురోజే రైతుబజారుల దగ్గర ఏడేసి ఆకుల కట్టలు కట్టి అమ్ముతారు. ఖాళీ ప్లాట్లలో జిల్లేడు బోలెడుంటుంది గానీ పిల్లల్ని కోసుకురమ్మని పంపకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి చేసే రథం వాళ్ళకి వదిలేయండి. ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది అయి ఓ పక్కకి ఒరిగిపోతుంది. అయినా దాని మీదే స్వామిని కూర్చోబెడతాం.

పాలు పొంగించేది ఇప్పుడు టెర్రస్ మీదే. నాలుగిటుకలు పేర్చి, టైల్స్ పగులుతాయని సెక్రటరీగారు గోల పెడతారు కాబట్టి కింద ఇసుక పోసి, పిడకలు రాజేస్తాం. పిడకలు తొందరగా అంటుకోవు, అంటుకునేదాకా పొగే. ఒక పక్క వాటర్ ట్యాంకు, ఇంకో పక్క సోలార్ హీటరు. మధ్యలో ఇత్తడి గిన్నెలో పాలు తూర్పువైపు పొంగగానే ఆడవాళ్ళు కొత్తబియ్యం, బెల్లం వేస్తారు. ఆ పరమాన్నం చిక్కుడాకుల్లో పెట్టుకుని తింటే అడుగున కాస్త పొగ వాసన తగులుతుంది. గ్యాస్ పొయ్యి మీద ఎంత నెయ్యి పోసి వండినా ఆ రుచి రాదు. పంచాంగంలో సూర్యోదయం ఎప్పుడని ఉన్నా, ఎదురు టవర్ దాటి ఎండ మన టెర్రస్ మీదికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. వచ్చినప్పుడే అర్ఘ్యం ఇవ్వండి. రాగిచెంబు ఎత్తి పట్టుకుంటే పడే నీటిధారలోంచి ఆయన కనిపిస్తాడు. అంతకుమించి కళ్ళు పెట్టి నేరుగా చూడకండి.

ఆ టవర్లు కట్టే కూలీల్లో బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. కార్తీక శుద్ధ షష్ఠి సాయంత్రం హుస్సేన్‌సాగర్ ఒడ్డుకి వెళ్తే ఛఠ్ పూజ కనిపిస్తుంది. నీళ్ళలో నిలబడి, చేటలో పళ్ళు, చెరకుగడ, ఠేకువా అనే గోధుమపిండి తీపి వంటకం పెట్టుకుని, ముందు అస్తమించే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు. మర్నాడు పొద్దున ఉదయించే సూర్యుడికి ఇచ్చాక గానీ మంచినీళ్ళు కూడా ముట్టరు. దిగిపోతున్నవాడికి మొదటి దండం పెట్టడం నాకు చాలా నచ్చింది. మన సంధ్యావందనంలోనూ సాయంకాలపు అర్ఘ్యం ఉంది, చేసేవాళ్ళే తగ్గారు.

తలస్నానం చెయ్యకుండా, మడి లేకుండా ఆదిత్య హృదయం చదవొచ్చా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో వీలుంటే స్నానం చేసే చదవండి. వీలు కానివాళ్ళు మానెయ్యకండి. రాముడు చదివింది నెత్తురు, దుమ్ము నిండిన యుద్ధభూమిలో. అక్కడ స్నానానికి వీలెక్కడిది? స్తోత్రం ఒకసారి చదవడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి మొదలుపెడితే అమీర్‌పేట దిగేలోపు మూడుసార్లూ అయిపోతాయి.