జనం లేని స్కీ ఊరు కోసం వెతికితే

మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్ళింది అందరికీ తెలిసిన ఊరికే, అదీ ఫిబ్రవరిలో, స్విట్జర్లాండ్‌లో మేముండే జ్యూరిక్‌లో స్కూళ్ళకి సెలవులిచ్చిన వారంలో. లిఫ్ట్ దగ్గర క్యూ చూసి మా ఆవిడ "సర్వదర్శనం లైన్‌లా ఉంది, చివర్లో లడ్డూ కూడా ఇవ్వరు" అంది.

అందుకే 2025 జనవరి ట్రిప్‌కి సెప్టెంబర్ నుంచే కూర్చున్నా. "ప్రశాంతమైన రిసార్ట్‌లు" అని వెతికితే వచ్చే లిస్టులు అందరూ చదివేవే, ఇక ప్రశాంతత ఎక్కడిది? దాంతో ఎదురు నుంచి ఆలోచించా. ఒక చోటికి జనం ఎందుకు వెళ్ళరు? లిఫ్టులు తక్కువ, కారు గుమ్మం దాకా పోదు, రాత్రిళ్ళు పార్టీలుండవు, పేరు నోరు తిరగదు. వీటిలో మాకు ఇబ్బంది అయ్యేది ఒక్కటీ లేదు. మాకు అసలు కారే లేదు.

మంచు మాత్రం కావాలి కదా. కింద ఊళ్ళలో ఈమధ్య జనవరిలో కూడా వాన పడుతోంది, కాబట్టి 1,500 మీటర్ల లోపు స్కీ చేసేవన్నీ కొట్టేశా. బివియో అనే ఊరు బాగా నచ్చింది గానీ అక్కడ ఎక్కువగా టీ-బార్ లిఫ్టులే, నిలబడి కర్ర పట్టుకుంటే లాక్కెళ్ళేవి, నేను వాటి మీంచి ఎన్నిసార్లు పడ్డానో మా తొమ్మిదేళ్ళ పాపకి లెక్క తెలుసు. చివరికి వాలే రాష్ట్రంలో లొచ్చెన్‌టాల్ అనే లోయ, దాని పైన లౌహెర్నాల్ప్ దగ్గర ఆగాం.

తేదీలే అసలు కిటుకు. ఫ్రాన్స్, బ్రిటన్, నెదర్లాండ్స్, స్విస్ రాష్ట్రాలు, అందరి సెలవులూ ఫిబ్రవరి చుట్టూనే తిరుగుతాయి. క్రిస్మస్ జనం వెళ్ళిపోయాక, జనవరి మధ్యలో ఖాళీ. మరి స్కూలు? జ్యూరిక్‌లో ఏడాదికి రెండు జోకర్ డేస్ ఉంటాయి, అంటే పిల్లల్ని స్కూలు మాన్పించుకునే రోజులు, కారణం చెప్పక్కర్లేదు. గురు, శుక్రవారాలకి ఆ రెండూ వాడేశాం.

బెర్న్ నుంచి పాత కొండ లైన్ రైల్లో గొప్పెన్‌స్టైన్. పేరులో గొప్ప ఉంది గానీ ఇరుకు లోయలో ఇరుక్కున్న స్టేషన్. 2007లో 34.6 కిలోమీటర్ల సొరంగం తెరిచాక ఫాస్ట్ రైళ్ళన్నీ కింద నుంచే పోతున్నాయి, ఈ లోయ నిశ్శబ్దంగా ఉండటానికి అదీ ఒక కారణమేనని నా అనుమానం. అక్కడి నుంచి పోస్ట్ బస్‌లో వీలర్ అనే ఊరు, ఆపైన లౌహెర్నాల్ప్‌కి కేబుల్ కార్. 1,970 మీటర్ల దగ్గర దిగాక సూట్‌కేసు చక్రాలు తిరగవు. మంచులో దాన్ని అడ్డంగా పడుకోబెట్టి తాడు కట్టి లాగాను, పైన రైస్ కుక్కర్, దాని మీద పాప కూర్చుంటానని గొడవ.

ఒక హెచ్చరిక: ప్రెషర్ కుక్కర్ లేకుండా కందిపప్పు పట్టుకెళ్ళకండి. ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి. గంటన్నర ఉడికినా పప్పు పలుకు పలుకుగానే ఉంది, చివరికి ఆవకాయ అన్నంతో సరిపెట్టుకున్నాం.

స్కీయింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని అందం. లిఫ్ట్‌కి రెండు నిమిషాలు కూడా ఆగలేదు. పాప పడినా వెనకనుంచి దూసుకొచ్చేవాళ్ళు లేరు. హోకెన్‌హార్న్‌గ్రాట్ దాకా, అంటే 3,111 మీటర్లు, లిఫ్ట్ వెళ్తుంది, ఎదురుగా బీచ్‌హార్న్ శిఖరం. నేను స్కీలు విప్పి చూస్తూ కూర్చున్నా, నా స్థాయికి ఆ వాలు ఎక్కువ.

శనివారం గాలికి పై లిఫ్ట్ ఆపేశారు. చిన్న రిసార్ట్‌తో చిక్కు ఇదే, పక్క కొండకి పోదామంటే పక్క కొండ ఉండదు. బస్సెక్కి లోయ చివరి ఊరు బ్లాటెన్ వెళ్ళాం. ఎండకి నల్లబడిన చెక్క ఇళ్ళ మధ్య తిరుగుతూ పాప ఒక గుమ్మం ముందు చిన్న మంచు బొమ్మ చేసి పెట్టి వచ్చింది.

ఆ ఏడాది మే 28న బిర్ఖ్ హిమానీనదం కూలి బ్లాటెన్‌ని దాదాపు మొత్తం కప్పేసింది. టీవీలో చూసి పాప అడిగింది ఆ ఇంటివాళ్ళ గురించే. సుమారు 300 మందిని తొమ్మిది రోజుల ముందే ఖాళీ చేయించారని చెప్పాను. ఇల్లు ఉందా అని అడిగితే, లేదన్నాను.