తొమ్మిది రోజుల జ్వరం

బుడ్డోడికి తొమ్మిది రోజులు జ్వరం. 104 దాకా పోయేది, పారాసెటమాల్ వేస్తే కాసేపు దిగి మళ్లీ మొదలు. కళ్లు ఎర్రబడితే అత్తయ్య దిష్టి తీశారు. నేను కాదనలేదు, ఆ టెన్షన్‌లో ఎవరేం చెప్పినా చేసేదాన్నే. రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగేది) ఎక్కువుందని ముందు యాంటీబయాటిక్ ఇచ్చారు, పనిచేయలేదు. ఐదో రోజు ఆయాసం, ఆక్సిజన్. ముక్కులోంచి తీసిన శాంపిల్‌లో అడినోవైరస్ అని తేలింది. 2023లో కోల్‌కతాలో పిల్లల వార్డులు నింపేసింది ఇదే.

"వీడికి ఇమ్యూనిటీ తక్కువా డాక్టర్ గారూ?" అని పదిసార్లు అడిగి ఉంటాను. కాదమ్మా, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఒక్కోసారి న్యుమోనియా దాకా వెళ్తుంది అన్నారు. సిడోఫోవిర్ అనే మందు ఉందట కానీ, కిడ్నీల మీద పడుతుంది కాబట్టి ఎక్కువగా బోన్‌మ్యారో మార్పిడి అయినవాళ్లలాంటి, ఇమ్యూనిటీ బాగా తగ్గిన పిల్లలకే వాడతారట.

అదే ఫ్లోర్ చివరి గదిలో కీమో నడుస్తున్న పాప ఉంది. వాళ్లమ్మ నన్ను చూసి మాస్క్ సర్దుకుని రెండడుగులు వెనక్కి జరిగింది. మనసు చివుక్కుమంది. కానీ కీమోలో ఇమ్యూనిటీ తగ్గిపోతుంది కదా, ఆ పాపకి అంటకూడదని మర్నాటి నుంచి నేనే లిఫ్ట్ మానేసి మెట్లెక్కాను.

నిన్న వీడు పెరుగన్నం అడిగాడు. ఆవకాయ కూడా కావాలట!