అందరి ముందు చెప్పని మాట

“ఈ సంగతి నన్ను పక్కకు పిలిచి ఎందుకు చెబుతున్నావు? పొద్దున సమావేశంలో అందరూ ఉన్నారు కదా!” అని మా బృంద నాయకురాలు నిలదీసినప్పుడు, మర్యాద పాటించినందుకు కూడా చీవాట్లు తినవలసి వస్తుందని నాకు తెలిసివచ్చింది.

గ్రీసులోని జాకింథోస్ ద్వీపంలో, లాగనాస్ అఖాతం ఒడ్డున, లాగర్‌హెడ్ అనే సముద్రపు తాబేళ్ల గూళ్లను కాపాడే స్వచ్ఛంద సేవకులలో నేనొకణ్ణి. 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర ఉద్యానవనం ఇది. రాత్రిపూట ఈ తీరాల్లో అడుగుపెట్టడం నిషిద్ధం కనుక మేము తెల్లవారుతూనే బయలుదేరి, తల్లి తాబేలు ఇసుకలో విడిచిన జాడను బట్టి గూటిని గుర్తిస్తాము. వందకు పైగా గుడ్లున్న ఆ చోటు పాతిన రెండు గుంజల నుంచి ఎంత దూరమో టేపుతో కొలిచి కాగితం మీద రాస్తాము. పైన పెట్టిన గుర్తు గాలికి పోయినా ఆ రెండు అంకెలు గూటిని చూపించాలి.

తప్పు ఆ అంకెల్లోనే దొర్లింది. జర్మన్ కుర్రవాడొకడు 11 అని రాశాడు. వాళ్లు ఒకటి అంకె తల మీద నుంచి ఎడమవైపు కిందికి ఏటవాలుగా పొడవైన గీత లాగుతారు. ఇంగ్లండు నుంచి వచ్చిన మా నాయకురాలు దాన్ని చిత్తు నుంచి ఎత్తి రాసేటప్పుడు 17 చేసింది. ఆరు మీటర్ల తేడా! ఆమె వయసులో నాకంటే చిన్నదే అయినా ఆ తీరంలో మాకు పెద్ద. పెద్దవారి పొరపాటును పదిమందిలో ఎత్తిచూపకూడదనే కదా మనం పెరిగింది? అందుకే ఆమెను పక్కకు పిలిచి చెప్పాను.

“గుడ్లు పిల్లలయ్యేది రెండు నెలలకు. అప్పటికి నువ్వూ ఉండవు, నేనూ ఉండను. వచ్చేవాళ్లకు ఈ కాగితమే దిక్కు” అన్నది. మర్నాడు తన తప్పును తానే అందరికీ చెప్పి, ఇకపై ఏడుకు నడుమ అడ్డగీత పెట్టాలన్నది. ఎవరూ నవ్వలేదు, ఎవరి ముఖమూ చిన్నబోలేదు.

ఆమె వాదన కాదనలేనిదే. ఇక్కడ ఇరవై ఏళ్లు నిండని పిల్ల పెద్ద చదువులవాణ్ణి “టేపు వదులుగా పట్టుకున్నావు” అంటే అతను మారుమాట లేకుండా బిగిస్తాడు, తరువాత ఇద్దరూ కలిసి అంట్లు తోముతారు. మనలోనైతే ఆ ఒక్క మాట వారం రోజులు నలుగుతుంది. అయినా మన పద్ధతి ఉత్త పిరికితనమంటే నేను ఒప్పుకోను. గూళ్లుండే మెరక ఇసుకలో గొడుగు పాతిన ఒక కుటుంబాన్ని మా డచ్ మిత్రుడు “తీసేయండి” అని ఉన్నమాట ఉన్నట్టే అడిగితే వాళ్లు ఎదురుతిరిగారు. నేను వెళ్లి, ముందు వాళ్ల పిల్లలను పలకరించి, కాస్త దూరంలో కంచె వేసిన గూటిని చూపించి, గొడుగు కర్ర గుడ్లలో దిగితే ఏమవుతుందో చెప్పేసరికి ఆ ఇంటాయన తానే గొడుగు పెరికి నీటి అంచుకు తీసుకుపోయాడు.

ఆ గొడుగు దగ్గర నేను వెచ్చించిన సమయం గురించి మా నాయకురాలు మరుసటి సమావేశంలో, అందరి ముందే, ప్రస్తావించింది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకింకా తేలలేదు.