ఆ తేదీకి ముందు పెళ్లయిన కూతురు

మా లా కాలేజీలో ఆస్తి చట్టం చెప్పిన మాస్టారు ఒకరోజు బోర్డు మీద 1985 సెప్టెంబరు 5 అని రాసి, పక్కనే నిలువుగా గీత గీశారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చిన సవరణ అమల్లోకి వచ్చిన తేదీ అది. “అంతకుముందే పెళ్లయిన కూతురు ఈ గీతకు ఏ పక్క?” అని అడిగారు. ఆమెకు వాటా లేదు. మా అమ్మ పెళ్లి 1983లో. పసుపు కుంకుమ కింద ఇస్తామన్న అరెకరం మాటగానే మిగిలింది. 2005లో కేంద్ర సవరణ ఆ గీతను చెరిపేసేనాటికే తాతయ్య పొలం మామయ్యల పేర రిజిస్టరైపోయింది.

2014లో, విదేశంలో పీజీ చదువుతూ, నలుగురం కలిసి కన్సల్టింగ్ ప్రాజెక్టు మీద రువాండా వెళ్లాం. ఆడవాళ్లకు న్యాయసహాయం చేసే ఒక సంస్థ కోసం, పట్టాల మీద భార్యల పేర్లు ఎంతవరకు ఎక్కాయో చూసి నివేదిక ఇవ్వాలి. 1994 మారణహోమం తర్వాత ఆ దేశంలో ఎందరో వితంతువులు, తండ్రిలేని ఆడపిల్లలు పొలం కళ్లముందే ఉన్నా హక్కు లేక నిలబడ్డారు. 1999లో కూతుళ్లకూ వారసత్వం ఇస్తూ చట్టం తెచ్చారు. ఆపైన దేశమంతటా కోటికి పైగా కమతాలను నమోదు చేసి, దంపతులిద్దరి పేర్లతో పట్టాలిచ్చారు. ఆ వివరాలు చదివినప్పుడు, అమ్మ అక్కడ పుట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ముసాంజే కొండవాలులో, బంగాళాదుంప చేను గట్టు మీద, ఒకామె ప్లాస్టిక్ కవరులోంచి పట్టా తీసి చూపించింది. భర్త పేరు ఒక్కటే ఉంది. వాళ్ల ఆచారం ప్రకారం వరుడివాళ్లు ఆవును ఇచ్చారు, చర్చిలో పెళ్లి జరిగింది, ముగ్గురు పిల్లలు. ప్రభుత్వ కార్యాలయంలో మాత్రం పెళ్లి నమోదు కాలేదు. చట్టం లెక్కలో ఆమె భార్య కాదు. మాస్టారు గీసిన గీత మళ్లీ కనిపించింది.

మా ప్రశ్నావళిలో ఆ ప్రశ్నే లేదు. ఆ రాత్రి మా నలుగురి మధ్య గట్టి వాదనే నడిచింది: సగం ఊళ్లు తిరిగాక ప్రశ్నలు మారిస్తే లెక్కలు కుదరవని మిగతావాళ్లు, కుదరకపోయినా అడగాల్సిందేనని నేను. చివరకు “పెళ్లి నమోదైందా?” అన్నది మొదటి ప్రశ్నగా చేరింది. చూసిన ఊళ్లకే మళ్లీ వెళ్లాం.

తిరిగి వచ్చాక మాస్టారికి ఫోన్ చేసి నివేదిక సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని, ఒక్కటే అడిగారు.

“ఆ దుంపచేనావిడ పెళ్లి నమోదు చేయించుకుందా అమ్మా?”

నా దగ్గర జవాబు లేదు.